శుభలేఖల వెనక లాగోస్ రేవు

సుబ్రహ్మణ్యం మాస్టారు పరమపదించారన్న వార్త నాకు మెల్‌బోర్న్ శివారులోని మా పాయింట్ కుక్ తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో తెలిసింది. రైల్లో నిలబడి ఆఫీసుకు వెళుతున్నాను. ఆ వార్తకు పైన ఎవరిదో పాత సోఫా అమ్మకం. కింద ఆదివారం పార్కులో బార్బెక్యూ విందుకి ఎవరు ఏం తేవాలన్న చర్చ. నడుమ నా గురుతుల్యుడి మరణం. దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. నేనూ ఒకటి పెట్టి, ఫోన్ బ్యాగులో పడేసుకున్నాను. ఛీ! ఏం మనుషులమో మనం.

కాకినాడ జగన్నాథపురంలో పుట్టి, యౌవనంలోనే నైజీరియాకు లెక్కల మాస్టారుగా వెళ్ళి, లాగోస్‌లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, ఆపైన మెల్‌బోర్న్ చేరిన విద్వన్మూర్తి ఆయన. భార్య పోయాక యూనిట్ అనే చిన్న వాటా ఇంట్లో ఒక్కరే ఉండేవారు. మనవాళ్ళు ఆయన్ని వెనకాల 'ఆఫ్రికా అంకుల్' అని నవ్వుకునేవారు. ఆయన యావజ్జీవ తపస్సు మాత్రం ఒక్కటే: లాగోస్ రేవు చరిత్రను తెలుగులో రాయడం.

నేను పరిచయమైన కొత్తలో అడిగారు. "అమ్మాయ్, లాగోస్ ఎవరు కట్టారంటావ్?"

"బ్రిటిష్‌వాళ్ళేగా మాస్టారూ?"

"నీ మొహం! ఇంగ్లీషోడి ఓడ రాకముందే ఆ ఊరికి ఎకో అని పేరుంది, రాజున్నాడు, సంతుంది. పక్కన ఉప్పునీటి సరస్సు. అది సముద్రంలో కలిసేచోట ఇసుక మేట. పెద్ద ఓడ లోపలికి రాలేదు. మన కాకినాడలోలాగే దూరాన ఆగిపోయేది, సరుకంతా చిన్న పడవల్లో మోసేవోళ్ళు. ఇంగ్లీషోడు సముద్రంలోకి రాతిగోడలు కట్టి ఓడలకి దారి తీశాడు, ఊరంతా నేనే కట్టానన్నాడు. ఆ గోడల వల్ల పక్కనున్న ఒడ్డు కోసుకుపోయింది. అది మాత్రం చెప్పడు!"

ఒకప్పుడు అవే నీళ్ళమీదుగా మనుషుల్ని బానిసలుగా అమ్మేశారని చెప్పేటప్పుడు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకునేవారు. స్వేచ్ఛ పొంది బ్రెజిల్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళు అక్కడి పద్ధతిలో లాగోస్‌లో కట్టుకున్న మేడల గురించి చెప్పేటప్పుడు మాత్రం పెళ్ళివారి ఇంటిని వర్ణించినట్టు వర్ణించేవారు. "రేవంటే రాళ్ళు కాదమ్మాయ్, మోసినోళ్ళు," అనేవారు.

ఆయన రాసే పద్ధతి లోకంలో ఇంకెవరికీ ఉండదు. మెల్‌బోర్న్‌లో ఏ తెలుగు పెళ్ళి జరిగినా, మిగిలిన శుభలేఖలు అడిగి పట్టుకెళ్ళేవారు. మాస్టారికి మనమంటే ఎంత అభిమానమోనని అందరూ మురిసిపోయేవారు. ఆయనకు కావలసింది వెనకవైపు. "ఇంత మంచి అట్టమీద ఒక్క ముహూర్తం రాసి ఊరుకుంటారా? దండగ!" అంటూ ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్కో కార్డు వెనక ఒక్కో సంగతి రాసేవారు. సంగతి పూర్తికాకపోతే అడుగున 'తరువాయి' అని రాసి మరో కార్డు అందుకునేవారు.

ఆ సంగతుల్లో సగం ఫొలాకే చెప్పినవి. ఫొలాకే లాగోస్ దీవిలో పుట్టిన నర్సు; మా పక్క వీధే. వాళ్ళ అమ్మమ్మ సంతలో ఎండుచేపలు అమ్మేది. మాస్టారు ఫోన్లో ఆ అమ్మమ్మతో గంటలు గంటలు మాట్లాడి రాసుకున్నారు. ఆ పెద్దావిడ కిందటేడు పోయింది. ఆమె చెప్పిందంతా మాస్టారి కార్డుల్లో తప్ప మరెక్కడా లేదు.

వాటిని టైపు చేస్తానని మాటిచ్చినదాన్ని నేను. మచ్చుకని ఆయన ఒక్క కార్డిచ్చారు. ఆ తరువాత రెండేళ్ళు ఆయన అడగడమూ, "ఈ వీకెండ్ పిల్లలకి స్విమ్మింగుంది మాస్టారూ, నెక్స్ట్ వీకెండ్ పక్కా" అని నేననడమూ. ఆయన ఒక్కసారి కూడా కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది.

ఊరికి అటు చివర క్రెయిగీబర్న్‌లో ఉండే మాస్టారి తమ్ముడి కొడుకు మురళి కర్మకాండ చేశాడు. అస్థికలు కలపడానికి అద్దె పడవలో సముద్రపు బేలోకి వెళ్ళాం. అస్థికలయ్యాక, పసుపు గుడ్డలో గట్టిగా కట్టిన రెండు మూటలు మురళి నా చేతికిచ్చాడు.

"ఇవేంటి మురళీ, ఇంత బరువున్నాయి?"

"దేవుడి బొమ్మలక్కా. బిన్‌లో వేస్తే పాపం కదా. మునగాలని లోపల రాళ్ళు పెట్టాం."

కళ్ళకద్దుకుని మరీ నీళ్ళలోకి వదిలాను.

సంతాపసభ మరో జుగుప్స. ఫొలాకే తెల్లచీర కట్టుకుని వస్తే, గుమ్మం దగ్గర మన పెద్దమనిషొకాయన "కేటరింగ్‌వాళ్ళకి బ్యాక్ డోరండీ" అన్నాడు. వేదికమీద మరొకాయన "పాపం మాస్టారు ఆ చీకటి దేశంలో ఎన్ని కష్టాలు పడ్డారో" అని గద్గదస్వరంతో సెలవిచ్చాడు. ఆయన జీవితమంతా కాదన్న మాటతోనే ఆయనకు నివాళి! లేచి అరవాలనిపించింది. సమోసా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సభ ముగిశాక ఫొలాకే నా చెయ్యి పట్టుకుంది. "మా అమ్మమ్మ మాటలున్న కార్డులు నీ దగ్గరే ఉన్నాయా?" అని ఇంగ్లీషులో అడిగింది. అప్పటికప్పుడు మురళిని వెంటబెట్టుకుని మాస్టారి యూనిట్‌కి వెళ్ళాను. అల్మారా ఖాళీ.

"మురళీ, ఇక్కడుండాల్సిన కార్డులేవి?"

"పెళ్ళికార్డులా అక్కా? చావు జరిగిన ఇంట్లో అన్ని శుభలేఖలు ఉండకూడదన్నారు. అన్నిటిమీదా వినాయకుడు. అందుకే ఆ పసుపు గుడ్డల్లో మూటకట్టి..." నా ముఖం చూసి ఆగిపోయాడు. "ఏమైందక్కా? వెనకేమైనా ఉందా? వెనక చూళ్ళేదే!"

అతన్నేమని తిట్టను? అతను వెనక చూడలేదు. వెనకేముందో తెలిసిన నేను రెండేళ్ళు చూడలేదు. ఏ అసహ్యం ఎక్కువో మీరే చెప్పండి.

మాస్టారూ, మీవంటి వారు మళ్ళీ పుట్టరని సభలో అందరూ అన్నారు. పుట్టినా మనకేం పని? మరో గ్రూపులో మరో దండం పెడతాం.

మరునాడు మచ్చు కార్డు తీసుకుని ఫొలాకే ఇంటికి వెళ్ళాను. అది నా పెళ్ళి శుభలేఖే. ముందు వినాయకుడు, మా ఇద్దరి పేర్లు. వెనక మాస్టారి అక్షరాలు. చదివి, వాళ్ళ అమ్మమ్మ మాటలకు అర్థం చెప్పాను: "మా అమ్మ నెత్తిమీద చేపల తట్ట, వీపున నేను. పడవ ఒడ్డు చేరేలోపు అలలు ఎక్కువైతే అమ్మ ఒక పాట పాడేది. ఆ పాట ఇది."

ఫొలాకే కళ్ళు మూసుకుని వింటోంది. "ఆపావేం? పాట చెప్పు," అంది.

కార్డు అడుగున ఒక్క మాటే ఉంది: తరువాయి.