మరచెంబు మూత

జగ్గయ్యపేటలో కిరాణాకొట్టు సత్యనారాయణమ్మకు స్టీలంటే గిట్టదు. అందులో వండితే కూరకు జీవముండదంటుంది. ఇత్తడి గుండిగలూ కంచుగిన్నెలూ చింతపండుతో తోమి తోమి ఆవిడ చేతిగీతలు అరిగిపోయాయి గానీ గిన్నెలకు మాత్రం చిలుము పట్టనివ్వలేదు.

వాటన్నిటిలోకీ ఆవిడ ప్రాణం తల్లి వాడిన ఇత్తడి మరచెంబు. మూత తిప్పి బిగిస్తే చుక్క కారదు. తల్లి పోయాక ఆ చెంబు దగ్గరే చెల్లెలు పుష్పవతితో మాటలు పోయాయి. అక్కే పిలిచి ఇవ్వాలని నందిగామలో ఆవిడ, నోరు తెరిచి అడగాలని పేటలో ఈవిడ. ఇద్దరూ పట్టుపట్టి ఏళ్లు గడిపేశారు.

ఇప్పుడు పుష్పవతికి మోకాలి ఆపరేషన్. ఆ కబురు వినగానే సత్యనారాయణమ్మ పొయ్యి వెలిగించింది. మిరియాలచారు కాచి, సలసలా మరుగుతుండగానే మరచెంబులో పోసి, ఉన్న బలమంతా పెట్టి మూత బిగించింది.

"ఫ్లాస్కు ఉందిగా అత్తయ్యా?" అంది కోడలు ఉషశ్రీ.

"మా పుష్ప ఫ్లాస్కులో చారు ముట్టదు" అని బస్సెక్కింది. చిల్లకల్లు దాటేదాకా ఒళ్లో కాలిన చెంబు నందిగామ చేరేసరికి చల్లబడింది.

ఆస్పత్రిలో అక్కను చూడగానే పుష్పవతి మొహం గోడవైపు తిప్పుకుంది. సత్యనారాయణమ్మ మంచం పక్కన కూర్చుని మూత తిప్పింది. రాలేదు. కొంగు చుట్టి తిప్పింది. ఊహూఁ. పక్కమంచం అమీర్‌బీ కొడుకు ముదస్సిర్ లారీ డ్రైవరు. అతనూ ఓ పట్టు పట్టాడు.

"టైరు బోల్టన్నా ఊడుద్దేమో గానీ ఇది రాదండి" అని చెంబు తిరిగిచ్చేశాడు.

అప్పటికి గోడవైపు నుంచి గొంతు లేచింది. "మరిగేది పోసి బిగిస్తే మూత పట్టేసుద్దని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందే నీకు? ఇటు పట్రా!"

చెల్లెలు చెంబు పట్టింది, అక్క మూత పట్టింది. "నువ్వటు తిప్పు!" "నువ్వు వదలమాక!" కుట్లు ఊడతాయమ్మా అని నర్సు అరుస్తుండగానే మూత ఊడింది. సగం చారు దుప్పటి పాలైంది.

మిగిలింది పుష్పవతి మూతలోకి వంపుకుని తాగింది. "ఉప్పెక్కువ" అంది. అక్క నవ్వబోయి ఏడ్చేసింది.

సాయంత్రం సత్యనారాయణమ్మ చెంబు కడిగి చెల్లెలి పక్కన పెట్టింది. "నీ దగ్గరే ఉంచుకోవే. అప్పుడే ఇవ్వాల్సింది."

పుష్పవతి చెంబు వెనక్కి నెట్టి, మూత మాత్రం దిండు కింద దాచింది. "చెంబు పట్టుకుపో. మూత కావాలంటే నువ్వే రావాలి."

"మూత లేకుండా బస్సులో చారెట్టా తెచ్చేదే?"

"అది నీ తిప్పలు."

మర్నాడు పొద్దున్నే నందిగామ బస్సులో సత్యనారాయణమ్మ మరచెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాని మీద కోడలి స్టీలు గిన్నె బోర్లించి ఉంది. పేటవాళ్లెవరూ ఎక్కకుండా ఉంటే బాగుండునని దారిపొడుగునా దేవుళ్లకు మొక్కుకుంటూనే ఉంది.