అక్క రాసిన ఉత్తరం, నేను చదివిన ఉత్తరం

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా కొత్త పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. వయసులో చిన్నవారు, చదువుకున్నవారు, ప్రసంగం మధ్యలో గడియారం చూసుకునే మంచి అలవాటున్నవారు. సంఘానికి యాభయ్యేళ్ళు నిండుతున్నాయట. ఆ సందర్భంగా మా అక్క ఆఫ్రికా నుంచి రాసిన ప్రార్థన లేఖలన్నీ పుస్తకంగా వేద్దామన్నారు. "అంకుల్, మీరు ఆ ఉత్తరాలు చదువుతుంటే మా అమ్మ ఏడ్చేదంట. ఒరిజినల్స్ మీ దగ్గరే ఉన్నాయి కదా, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టీండి చాలు" అన్నారు. ఉన్నాయనే అన్నాను. రెండు రోజులు ఆగమని కూడా అన్నాను. మల్కాపురంలో మా ఇంటికొచ్చి బీరువా మీది అట్టపెట్టె దించితే అందులో రెండు కట్టలున్నాయి. ఒకటి అక్క రాసిన నీలిరంగు ఏరోగ్రాములు, విమానంలో వచ్చే మడత ఉత్తరాలు. రెండోది నేను టైపు చేసి సంఘంలో చదివిన కాగితాలు. రెంటికీ చుట్టరికం ఉంది గానీ, పెళ్ళిళ్ళకి పిలుచుకునేంత దగ్గరిది కాదు.

అక్క నాకన్నా మూడేళ్ళు పెద్ద. నర్సు. బావ స్టీలుప్లాంటులో ఫిట్టరు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ రోజుల్లో పరవాడ నుంచి తగరపువలస దాకా ఉన్న ఆరు చిన్న సంఘాలు కలిసి ఒక మిషను కమిటీ పెట్టుకున్నాయి. తాతల కాలంలో దొరలు ఓడలెక్కి వచ్చి మనకి వాక్యం చెప్పారు, ఎన్నాళ్ళని పుచ్చుకుంటూ కూర్చుంటాం, మనమూ ఒక జంటని ఎక్కడికైనా పంపాలి అని వాళ్ళ ఆలోచన. ఉపవాసాలుండి ప్రార్థిస్తే మా బావ ముందుకొచ్చాడు. పిలుపు దేవుడిదే, అందులో నాకెప్పుడూ అనుమానం లేదు. పాస్‌పోర్టు మాత్రం అంతకుముందు గల్ఫ్ వెళ్దామని తీసుకుని, వెళ్ళక దాచుకున్నది. ఆరు సంఘాల్లోనూ అది ఒక్కటే పాస్‌పోర్టు. "పిల్లలు లేరు గనక వీరికి వీలుగా ఉండును" అని కమిటీ మినిట్సు పుస్తకంలో రాశారు. అలాంటి వాక్యాలు కమిటీలే రాయగలవు. అక్క అది చదివి సంతకం పెట్టింది.

వాళ్ళని సాగనంపడానికి ఆరు సంఘాలూ స్టేషనుకి వచ్చాయి. బొంబాయి దాకా రైలు, అక్కణ్ణుంచి విమానం. దండలయ్యాయి, పాటలయ్యాయి, చివరికి మా సంఘ పెద్ద ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనకి ఒక పద్ధతుండేది: బైబిల్లో సృష్టి దగ్గర బయల్దేరి వరసగా రావాలి. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆయన ఇశ్రాయేలీయులని ఎర్రసముద్రం దాటించే లోపలే గార్డు ఈల వేశాడు. మేము ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి రైలు పక్క స్టేషను మర్రిపాలెం దాటేసి ఉంటుంది. అంతమంది వెళ్ళాం గానీ, అక్క వెళ్ళడం మాలో ఒక్కరూ చూడలేదు.

వాళ్ళు వెళ్ళింది మలావి అనే దేశానికి. మట్టిరోడ్డు చివర ఒక చిన్న ఆసుపత్రి, ఇటుకల గుడి, వీళ్ళకి రెండు గదుల ఇల్లు. అక్క పొద్దున్నే బోరింగు దగ్గర నీళ్ళు కొట్టుకుని, ఆసుపత్రిలో పురుళ్ళూ జ్వరాలూ చూసేది. బావ వారమంతా చుట్టుపక్కల ఊళ్ళ పంపులూ సైకిళ్ళూ బాగుచేసేవాడు, ఆదివారం వాక్యం చెప్పేవాడు. ఆ ఊళ్ళో దారిలో ఎవరెదురైనా ఆగి బాగున్నారా అని అడగాలి, వాళ్ళు బాగున్నాం, మరి మీరు అంటే జవాబు చెప్పాలి. అదంతా కాకుండా పని మాట ఎత్తితే మొరటుతనం. "రోజుకి నలభైసార్లు బాగున్నానని చెప్తున్నాను. చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయింది, లోపలికి దిగడం లేదు" అని అక్క ఒక ఉత్తరంలో రాసింది. ఇంకోదాంట్లో, "మీ బావగారూ నేనూ మాట్లాడుకోవలసినవన్నీ మాట్లాడేసుకున్నాం. ఇప్పుడు పాతవి మొదటినుంచి మొదలుపెట్టాం. నిన్న మా పెళ్ళి దాకా వచ్చాం" అని రాసింది. సాయంత్రాలు ఇద్దరే కూర్చుని తెలుగులో కుటుంబ ప్రార్థన చేసుకునేవారట. బావ లేచి నిలబడి 'ప్రియ సహోదరీ సహోదరులారా' అనే మొదలుపెట్టేవాడట. "సహోదరులెవరూ లేరు, సహోదరిని నేనొక్కదాన్నే ఉన్నాను, కూర్చుని చెప్పొచ్చు కదా అంటే వినరు" అని అక్క ఫిర్యాదు.

నెలకొక ఉత్తరం వచ్చేది. నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగు ఏజెంటు ఆఫీసులో గుమాస్తాని. డిగ్రీ ఉంది, ఆఫీసులో టైపు మిషనుంది, కాబట్టి ఆ ఉత్తరాలు చదివే పరిచర్య నాకు వచ్చింది. నా కాపీ మిగతా అయిదు సంఘాలకీ వెళ్ళేది. మొదటి ఉత్తరం ఉన్నదున్నట్టే చదివాను. "ఈ ఆదివారం ఆరాధనకి ముగ్గురు వచ్చారు. వాళ్ళలో ఒకాయన వర్షానికి ఆగినాయన" అని ఉంది. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నన్ను మెట్ల దగ్గర ఆపారు.

"ఏటి బాబూ, ఆరు సంఘాలోళ్ళం ఉపాసాలుండి ప్రార్థన సేత్తన్నాం. ముగ్గురేటి? అందులో ఒకడు వర్సానికాగినోడేటి?"

ఆయన బాధ నాకు అర్థమైంది. రెండో నెల నుంచి నేను కొంచెం సర్దడం మొదలుపెట్టాను. వర్షానికి ఆగినాయన 'దాహముతో వచ్చిన ఒక ఆత్మ' అయ్యాడు. బావ సైకిలు గొలుసు తెగి నాలుగు మైళ్ళు నడిచిన రోజు 'కాలినడకన సువార్త యాత్ర' అయింది. అబద్ధమంటూ పెద్దగా ఏమీ లేదు. షిప్పింగు ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా తెలుసు, ఓడ ఒడ్డుకి తగిలిందని రాయరు, 'స్వల్పంగా ఆగినది' అని రాస్తారు. కానీ ఆఫీసులో నా ఉత్తరాలకి కంటనీరు పెట్టుకున్నవాళ్ళు లేరు. సంఘంలో పెట్టుకున్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం నేను లేచి నిలబడితే పసిపిల్లల్ని కూడా బయటికి తీసుకెళ్ళేవారు కాదు. నా అరవయ్యేళ్ళ జీవితంలో జనం నన్ను చెవులప్పగించి విన్నది ఆ పావుగంటలే. దానికి అలవాటుపడ్డాను. మూడో ఏడు వచ్చేసరికి, గుడి నిండిపోయి జనం బయట నిలబడ్డారని చదివాను. అక్క రాసింది, పైకప్పు కారుతుంటే అందరం బయటికొచ్చి నిలబడ్డామని.

ఆ తర్వాతి నెల వచ్చిన ఉత్తరం మామూలుగా లేదు. ప్రతి ఉత్తరం కిందా బావ వందనాలు, సంతకం ఉండేవి. దాంట్లో లేవు.

"తమ్ముడూ, ఇది ఉన్నదున్నట్టు సంఘంలో చదువు. మా మూడేళ్ళూ ఈ మార్చితో అయిపోతాయి. నాకింక ఇక్కడ ఉండే ఓపిక లేదు. జబ్బేమీ లేదు. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ మంచివాళ్ళే. పొద్దున్న లేవగానే ఇవాళ ఎవరితో మాట్లాడాలి అని ఆలోచించి, ఎవరూ గుర్తురాక మళ్ళీ పడుకుంటున్నాను. దేవుడు లేడని కాదు. ఉన్నాడు, కానీ ఈ మధ్య ఆయన కూడా మీ బావలాగే తక్కువ మాట్లాడుతున్నాడు. మీ బావగారు తనంతట తను వస్తాననరు. పంపింది సంఘం, రమ్మనవలసిందీ సంఘమే అంటారు. అది న్యాయమే. అందుకని సంఘాన్ని అడుగుతున్నాను. రమ్మంటే వస్తాం. ఉండమంటే అది దేవుని జవాబే అనుకుని ఉంటాను, మళ్ళీ అడగను."

ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని అది నాలుగుసార్లు చదివాను. అక్క రావాలని నాకు లేదా అంటే ఉంది. కానీ కిందటి నెలే నేను ఆ గుడి నింపి ఉన్నాను. నిండిన గుడిని వదిలి ఏ మిషనరీ అయినా వచ్చేస్తానంటాడా? ఎందుకని సంఘం అడగదా? పైగా అక్కడ వర్షాకాలం, దిగులుగా ఉండి రాసి ఉంటుంది, తగ్గిపోతుంది అని నాకు నేను వైద్యం చెప్పుకున్నాను. 'ఒంటరితనములోను ప్రభువు మాతో ఉన్నాడు. సంఘము ఉండమంటే అది దేవుని జవాబే అనుకొని ఉంటాము' అని టైపు చేశాను. చూడండి, రెండో వాక్యం అక్కదే. దాని ముందూ వెనకా ఉన్నవే తీసేశాను.

ఆ ఆదివారం ఏడవనివాళ్ళు లేరు. కమిటీ ఆ వారమే కూర్చుని, చప్పట్ల మధ్య మరో మూడేళ్ళు పొడిగించింది. "మీ ఉత్తరము ఆరు సంఘములలోను చదివితిమి. అందరము కన్నీళ్ళతో ప్రార్థించితిమి. మీరు అక్కడనే ఉండవలెనని ఏకగ్రీవముగా తలంచుచున్నాము" అని వాళ్ళకి ఉత్తరం వెళ్ళింది. అది టైపు చేసిందీ నేనే. అందులో ఒక్క ముక్క కూడా సర్దలేదు.

అక్క మళ్ళీ అడగలేదు. తర్వాతి మూడేళ్ళ ఉత్తరాలు సర్దే అవసరం కూడా రాలేదు. ఎంతమంది వచ్చారు, ఏ వాక్యం చెప్పారు, అందరికీ వందనాలు. పండక్కి పట్నం వెళ్ళి ఫోను చేసేవారు. పక్కన బావ ఉండేవాడు. బాగున్నావా అక్కా అంటే బాగున్నానురా అనేది.

మూడేళ్ళ తర్వాత తిరిగొచ్చినప్పుడు మా సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. అక్క సన్నబడింది, జుట్టు సగం నెరిసింది. మైకు ముందు నిలబడి నెమ్మదిగా చెప్పింది. "మధ్యలో ఒకసారి నాను ఉండలేను, ఇంటికి రమ్మనండి అని మీకు రాసాను. మీరందరూ విన్నారు. ఏడ్చి ప్రార్థన సేసి, ఉండమన్నారు. మీ మాటే దేవుని మాటనుకుని ఉన్నాను. మీకు వందనాలు." నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. మా సంఘం మర్యాదగలది. అలాంటి ఉత్తరం విన్నట్టు ఎవరికీ గుర్తులేదు, మరిచిపోయాం కాబోలు అనుకుని అందరూ తలలూపారు. సంఘ పెద్ద ఒక్కరే ఊపలేదు. తల తిప్పి నావైపు కాసేపు చూశారు. ఆయన బతికున్నన్నాళ్ళూ మళ్ళీ నన్ను ఏ కాగితమూ చదవమనలేదు.

తర్వాత వాళ్ళు గోపాలపట్నంలో రెండు గదుల్లో అద్దెకి దిగారు. అక్క ఒక నర్సింగుహోములో చేరింది. బావ మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసేవాడు. బావ పోయి నాలుగేళ్ళవుతోంది. అక్క ఒక్కతే ఉంటోంది. చెప్పేద్దామని చాలాసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక జోకు చెప్పి, నవ్వించి, అదే పరామర్శ అనుకుని వచ్చేశాను.

సోమవారం ఆ ఒక్క ఏరోగ్రాం జేబులో పెట్టుకుని వెళ్ళాను. అక్క వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఏటిరా, ఫోను సెయ్యకుండా వచ్చీసినావు? ఒంట్లో బాగోలేదేటి?"

ఉత్తరం చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "నా రాతే. అప్పుడు బాగుండీది" అంది. చదవడం మొదలుపెట్టింది, మధ్యలో ఆగింది.

"అక్కా, అది నేను సంఘంలో చదవలేదు. రమ్మనమని రాసిందంతా తీసేసి, మార్చి చదివాను. సంఘానికి తెలీదు, కమిటీకీ తెలీదు."

"మరి నాను సాక్ష్యం సెప్తంటే అందరూ తలూపినారు కదరా?"

"మర్యాదకి ఊపారు."

అక్కకి నవ్వొచ్చింది. ఏడుస్తుందనుకుని సిద్ధపడి వెళ్ళాను గానీ నవ్వుకి సిద్ధపడలేదు. ఆ నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు.

"మీ బావకి తెలుసా?"

"తెలీదు."

"పోన్లే. ఆయనకి అక్కడ బాగానే ఉండీది." చిక్కుడుకాయ ఒకటి తీసుకుంది, తుంచలేదు. "ఆ మూడేళ్ళూ దేవుడి మీద కోపంగా ఉండీదాన్నిరా. ప్రార్థన సేసీదాన్ని గానీ, మాటాడీదాన్ని కాదు. అడిగితే ఉండమన్నాడు కదా, ఇంకేటి మాటాడతాం అని. వచ్చీసినాక కూడా మునపట్లా కుదర్లేదు. అయితే దేవుడికేటీ సంబంధం లేదన్నమాట."

"లేదు."

"నువ్వన్నమాట."

"నేనే."

"నలభై ఒకటో ఏటి నుంచి నలభై నాలుగో ఏటి దాకారా నాకు" అంది. ఇలాంటప్పుడు చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉంటుంది. అప్పుడూ ఉంది. చెప్పలేదు.

అక్క కళ్ళజోడు తీసి ఉత్తరం మీద పెట్టింది. "ఇది ఇక్కడుంచీసి ఎల్లు. రేపు రా. నీతో ఇయాల మాటాడలేను. ముందు దేవుడితో మాటాడాలి. ఇన్నేళ్ళు ఊరికే మొహం మాడ్సుకున్నాను" అంది.

గేటు దగ్గరికి వేసి రోడ్డు మీదకొచ్చాను. ఎన్ఏడీ కూడలి దగ్గర బస్సు మారడానికి నిలబడి లెక్క వేసుకున్నాను. ఆ ఉత్తరం ఆఫ్రికాలో మట్టిరోడ్డు చివర బయల్దేరి మల్కాపురంలో నా చేతికి రావడానికి ఇరవై రోజులు పట్టింది. మల్కాపురం నుంచి గోపాలపట్నానికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంట దూరం దాటడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది.