అనసూయమ్మ కుడితి గోలెం

అనసూయమ్మ ఆలస్యంగా నిద్రలేచిన రోజున మిరపకాయలు ఎండబెట్టేది కాదు. సూర్యుడు వచ్చే వేళకు మనం వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పు చల్లి సిద్ధంగా ఉంటే ఆయన మన మిరపకాయలు ఎండబెట్టి పెడతాడు. అదీ ఒప్పందం. మనం ముసుగుతన్ని పడుకుని, బారెడు పొద్దెక్కాక ఆవలిస్తూ చాట పట్టుకుని మిద్దె ఎక్కితే ఆయన మాత్రం ఎందుకు చేస్తాడు?

"ఎండ ఎవ్వల సొమ్ము కాదు గద, అత్తమ్మా!" అని కోడలు నిర్మల మొత్తుకునేది.

"కాదు. గందుకే ఉత్తగ తీస్కోవద్దు."

ఆ రోజు మిరపకాయలు గంపలోనే ఉండిపోయేవి.

లోకంలో ప్రతిదానికీ ఆమె దగ్గర ఇలాంటి ఒప్పందం ఒకటి ఉండేది. పెరట్లో వేపచెట్టుకు రోజూ రెండు బకెట్ల స్నానపు నీళ్లు. బదులుగా ధాన్యానికి పురుగు పట్టకుండా రెండు కొమ్మల ఆకు. ఒక బకెట్టే పోసిన రోజు ఒక కొమ్మే విరిచేది. దుకాణం ఊడిస్తే వచ్చే నూకలు పిచ్చుకలకు వేసి, "తిన్నరు గద, ఇగ పొండ్రి, గా చిక్కుడు పాదు మీద పురుగులు ఏరుండ్రి" అని కసురుకునేది. పిచ్చుకలు వినేవో లేదో తెలియదు గానీ చిక్కుళ్లు మాత్రం బాగానే కాసేవి. ఎదురింటి శకుంతల, అనసూయమ్మ భర్త రామలింగం తాత పోయినప్పుడు వచ్చి రెండంటే రెండు కన్నీటి బొట్లు రాల్చి వెళ్లిందట. తర్వాత మూడేళ్లకు శకుంతల మామ పోతే అనసూయమ్మ వెళ్లి, రెండు బొట్లు రాల్చి, మూడోది వస్తుంటే కొంగుతో అద్దుకుని లేచి వచ్చేసింది. ఇలాంటి మనిషితో కాపురం చేసిన రామలింగం తాత చాలా ఓపికగలవాడై ఉండాలి.

గిర్మాజీపేటలో వాళ్ల ఇంటి ముందు భాగమే కిరాణా దుకాణం. తాత పోయాక ఆ గద్దె మీద అనసూయమ్మ కూర్చుంది. కొడుకు భాస్కర్‌కు మీసాలొచ్చి, పెళ్లై, పిల్లలు పుట్టినా పొట్లాలు కట్టే చోటు దాటనివ్వలేదు. గద్దె మీద తెల్లచీర, చేతిలో తక్కెడ, నోట్లో వక్కపలుకు. వర్ధన్నపేట నుంచి బండి కట్టుకొచ్చే రైతులు కూడా "అమ్మ ఉన్నదా?" అని అడిగి, ఉంటేనే దిగేవాళ్లు.

ఇంటి పక్క సందులో చెక్కమూత వేసిన రాతి గోలెం ఒకటి ఉండేది. అది ఆ గల్లీ మొత్తానికి కుడితి గోలెం. ఎనిమిది ఇళ్లవాళ్లు బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు తెచ్చి అందులో పోసేవాళ్లు. తెల్లవారగానే గల్లీ చివరి ఇంటి నుంచి హలీమాబీ రెండు రేకు బకెట్లతో వచ్చేది. ఒక దానిలో ఎనిమిది వాకిళ్లకు సరిపడా పచ్చి పేడ, రెండో దానిలో చల్ల. ఆ రెండూ పంచి, కుడితి నింపుకుని వెళ్లి తన రెండు బర్రెలకు తాపేది. కుడితి బర్రెలోకి, బర్రె నుంచి పేడ వాకిలిలోకి వెళ్లేవి. ఒక్క పైసా ఎవరి చేయీ దాటేది కాదు. పదిహేనేళ్లు అలా నడిచింది. దాన్ని చూసుకుని అనసూయమ్మ మురిసిపోయేది, భూమిని తనే తిప్పుతున్నట్టు.

డెబ్బై మూడు ఎండాకాలానికి ముందు వానలు మొహం చాటేశాయి. గడ్డి దొరకలేదు. హలీమాబీ ఒక బర్రెను అమ్ముకుంది. రెండోది వట్టిపోయింది, పైగా ఐదు నెలల చూలు. ఒకనాడు హలీమాబీ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాటికి గోలెం పొంగి, ఎండకు పులిసి, గల్లీ అంతా ముక్కు మూసుకుంది. అనసూయమ్మ దుకాణం భాస్కర్‌కు అప్పగించి గల్లీ చివరికి నడిచింది.

"కుడితి కంపుగొడ్తాంది. ఎందుకొస్తలేవే, హలీమా?"

హలీమాబీ బర్రె దగ్గర నుంచి లేవకుండానే జవాబిచ్చింది. "ఏం పట్టుకొని రావాలె, అక్కా? చల్ల లేదు. పెండ పొయ్యిలకే సాల్తలేదు. ఉత్త బకీట్లు ఊపుకుంట వస్తనా?"

"వస్తే ఎవ్వలన్న కొడ్తరా?"

"కొట్టినవు గద."

"నేనా?"

"నిరుడు. నాకు జరమొచ్చి నాలుగు దినాలు పెండ తేలే. ఐదో నాడు కుడితికి వస్తే ఏమంటివి? 'ఉత్త చేతులతోని వచ్చేటోళ్లకు నా గోలెం మూత లేవది' అంటివి. శకుంతలమ్మ ఉన్నది, అందరున్నరు."

అనసూయమ్మకు అది గుర్తే లేదు. రోజుకు అలాంటివి పది అంటుంది. అన్నవాళ్లు మరిచిపోతారు, పడ్డవాళ్లు దాచుకుంటారు.

బర్రె డొక్కలు లోపలికి పోయి, ఎముకలు చీర కింద దండెంలా కనిపిస్తున్నాయి. హలీమాబీ దాని మెడ నిమురుతూ మెల్లగా చెప్పింది. "బుధవారం అంగడికి తోల్కపోతా అంటాండు నా కొడుకు పాషా. కడుపుల దూడ ఉన్నదని కొనెటోనికి ఏం ఫికరు? తోలు కోసం కొంటడు."

ఆ రోజు ఆదివారం. మధ్యలో రెండు రోజులు.

అనసూయమ్మ ఇంటికొచ్చి నిర్మల చేత కుడితి బకెట్ పంపింది. అది ఒక్క చుక్క తగ్గకుండా తిరిగొచ్చింది. సాయంత్రం మళ్లీ తనే వెళ్లి, "బర్రెను తెచ్చి మా పెరట్ల కట్టేయ్. ఏసిన పెండ మాది, తాగిన కుడితి దానిది. సరేనా?" అంది.

"తింటే గద అక్కా ఏసేది" అంది హలీమాబీ. నవ్వింది కానీ లేవలేదు.

"పోనియ్, చెల్లెలోలె తీస్కో."

"చెల్లెకైతే చీర పెట్టు, కట్టుకుంట. నా బర్రెకు బిచ్చమెయ్యకు."

కుడితిలో పడ్డ ఎలుక అంటారు. ఇక్కడ కుడితి కూడా ఆమెదే. పదిహేనేళ్లుగా గల్లీ అందరికీ 'ఉత్తగ తీస్కోవద్దు' అని తలంటుపోసిన మనిషి, ఇప్పుడు ఒక్కరిని ఉత్తగా తీసుకోమని బతిమాలుతోంది. ఆ ఒక్కరేమో పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్తున్నారు.

సోమవారం మధ్యాహ్నం భాస్కర్ అన్నం తింటుండగా రాయి పంటికింద టక్కుమంది. పళ్లెం జరిపాడు.

"నీకు బియ్యం గాలిచ్చుడు ఎప్పుడస్తదే నిర్మలా? రెండేండ్ల సంది చెప్తాన!"

నిర్మల పళ్లెం తీసి వేరే అన్నం పెట్టింది. పక్కనే కూర్చున్న అనసూయమ్మ తల వంచుకుని తన అన్నం కలుపుకుంది. నిజానికి ఆ ఇంట్లో బియ్యం ఏరేది అనసూయమ్మ. 'నువ్వు వండుతవ్, నేను ఏరుత' అని కోడలితో ఆమె ఒప్పందం. రెండేళ్లుగా ఆమె కళ్లకు పొర కమ్మింది. చాటలో బియ్యం వెన్నెల పరిచినట్టు ఒకే తెలుపుగా కనపడేవి. రాయేదో గింజేదో తెలియక వేళ్లతో తడుముతూ ఏరేది. కందిపప్పును, పెసరపప్పును కూడా వేళ్లతోనే గుర్తుపట్టేది. తూకం బాట్లను బరువును బట్టి, మనుషులను దగ్గును బట్టి పోల్చుకునేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే గద్దె పోతుంది. కళ్లు కనపడని మనిషి చేతిలో తక్కెడ ఉంటే ఏ రైతు బండి దిగుతాడు? అందుకని రాళ్ల నింద రెండేళ్లుగా కోడలి మీద పడుతుంటే, అత్తగారు వక్కపలుకు నములుతూ ఊరుకుంది. ఇది ఏ ఒప్పందం కిందికి వస్తుందో ఆమె ఎన్నడూ చెప్పలేదు.

అన్నాలయ్యాక ఆమె చాట ముందు పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు ఒక్క గింజ కూడా కదపలేదు. తర్వాత చెప్పులు వేసుకుని, బకెట్ లేకుండా, ఒట్టి చేతులతో గల్లీ చివరికి నడిచింది.

హలీమాబీ ఆమెను చూసి ముందే చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కా, మల్లా గదే ముచ్చటైతే..."

"గది కాదు. నాకు నీతోని పని పడ్డది."

"నాతోనా?"

"నాకు కండ్లు కనవడ్తలెవ్వు, హలీమా."

హలీమాబీ నమ్మలేదు. నిన్నగాక మొన్న చింతపండులో ఒక్క గింజ ఎక్కువుందని తగువు పెట్టుకున్న మనిషి. చెయ్యి ఎత్తి అడిగింది. "గివ్వి ఎన్ని వేళ్లు?"

"చెయ్యి ఎత్తినవా?"

హలీమాబీ పకపకా నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎత్తిన చేతిని అలాగే కిందికి దించి, ఆమెను గోడ నీడకు తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"భాస్కర్‌కు ఎర్కేనా?"

"ఎర్కైతే నన్ను గద్దె మీద కూసోనిస్తడానే?"

"మరి నాకెందుకు చెప్తానవ్?"

"బియ్యం ఏరనీకి రెండు కండ్లు కావాలె. రోజు పగటీలి ఒక గంట. నీ కాడ ఉన్నయి గద, పాడుగాను, మంచిగ మెరుస్తయి. ఉత్తగేం వద్దు. కుడితి మొత్తం నీది."

బర్రె తోకతో ఈగలు కొట్టుకుంటోంది. అనసూయమ్మకు ఆ చప్పుడే వినిపిస్తోంది తప్ప ఎదుటి మొహం కనిపించడం లేదు. జీవితంలో మొదటిసారి, తాను పెట్టిన బేరం ఎదుటివాళ్లు ఒప్పుకుంటారో లేదో ఆమెకు తెలియలేదు.

"ఒట్టి కుడితికి కాదు" అంది చివరికి హలీమాబీ.

"ఇంకేం గావాలె?"

"తవుడు. రోజు రెండు మానికెలు."

"రెండా! నీ కండ్లేమన్న నవాబు కండ్లా? ఒకటి."

"రెండు. సూలుది అక్కా అది, ఇద్దరు తింటరు."

"ఒకటిన్నర. బియ్యంల రాయి ఒకటి కనబడ్డా అర మానిక కోస్త."

"కనబడితే గద నువ్వు కోసేది!"

ఇద్దరూ నవ్వుకున్నారు. బర్రె బుధవారం అంగడికి పోలేదు.

మర్నాటి నుంచి ఎండ నెత్తిమీదికి రాగానే హలీమాబీ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరేది. అనసూయమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది, మధ్యమధ్య చాటలో చెయ్యి పెట్టి ఏరుతున్నట్టు నటించేది. అన్నంలో రాళ్లు ఆగిపోయాయి. ఆగిపోవడమే కొంప ముంచింది.

పది రోజులకు భాస్కర్ అడిగాడు. "అమ్మా, బియ్యం హలీమాబీ ఎందుకేరుతాంది?"

"దానికి పని లేక."

"అమ్మా."

అనసూయమ్మ చేతిలో తక్కెడ ఉంది. పక్కన ఇద్దరు రైతులు నిలబడి ఉన్నారు. ఆమె ఇంకొక అబద్ధం ఆడగలదు. కానీ హలీమాబీ రావద్దంటే బర్రె పోతుంది, రావాలంటే కారణం కావాలి. తక్కెడ కింద పెట్టింది.

"కండ్లు అగుపిస్తలెవ్వురా. రెండేండ్లైంది. ఆ రాళ్లు నావి. కోడల్ని ఊకె తిట్టినవు."

గద్దె దిగి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. వంటింట్లో నిర్మల ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నాకు ముందే ఎర్క, అత్తమ్మా."

"మరి చెప్పకపోతివేందే?"

"నువ్వు దాసుకున్నది నేనెట్ల బయట పెడ్త?"

ఆ పూట అనసూయమ్మ కోడలికి ఎదురుగా కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది. సగం గింజలు నేలపాలు చేసింది.

ఆ తర్వాత ఆమె ఎన్నడూ గద్దె ఎక్కలేదు. వర్ధన్నపేట రైతుల్లో కొందరు పక్క దుకాణానికి మళ్లారు, కొందరు భాస్కర్‌ను సహించారు. ఎనభై మూడులో దవాఖానాలో ఆపరేషన్ చేయించి సోడాబుడ్డి అద్దాలు పెట్టారు. ఉచితం అన్నందుకు డాక్టరుకు శేరు నువ్వులు కట్టి తీసుకెళ్లి, ఆయన వద్దంటే, "అయితే నా పొర నాకియ్యి బిడ్డా" అని కూర్చుందట. ఆయన నువ్వులు తీసుకున్నాకే లేచింది. ఇవన్నీ మనవలు చెప్పుకుని నవ్వుకునే సంగతులు.

కానీ ఆ డెబ్బై మూడులోనే, బతుకమ్మ నాలుగు రోజులుందనగా, తెల్లవారుతుండగా హలీమాబీ పరుగున వచ్చి తలుపు తట్టింది. "అక్కా, ఈనింది! పెయ్యదూడ!"

చెయ్యి పట్టి తీసుకెళ్లి కొట్టంలో కూర్చోబెట్టింది. అనసూయమ్మకు నల్లగా ఏదో కదులుతున్నట్టు తోచింది తప్ప మరేమీ కనపడలేదు. తడుముతూ చూసింది. తడి వీపు, మెత్తటి చెవులు, వణికే నాలుగు కాళ్లు.

"ఏం రంగే?"

"బర్రెకు తెల్లది పుడ్తదా, అక్కా?"

దూడ మూతి జరుపుకుంటూ వచ్చి ఆమె చేతివేళ్లను నోట్లోకి లాక్కుని చప్పరించడం మొదలుపెట్టింది. గరుకు నాలుక, వెచ్చటి చిగుళ్లు.

"అగో! పుట్టి గంట కాలే. పెండ లేదు, పాలు లేవు. అప్పుడే నా దగ్గర తీస్కుంటాంది సూడు, సిగ్గులేని ముండ!"

"చెయ్యి తీసెయ్ అక్కా, పొదుగు కాడికి తోల్త."

"ఉండనియ్యే జరసేపు" అంది అనసూయమ్మ.