ఎందుకు బాబాయి బల్ల

ఆ పేపరాఫీసులో చిన్న ప్రకటనల కౌంటరు దగ్గర ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్న పెద్దమనిషి అసలు పేరు జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ తెలీదు. అందరికీ ఆయన ఎందుకు బాబాయే. ఎవరొచ్చి ఏం అమ్ముతామన్నా ముందు "ఎందుకు?" అంటాడు. సైకిలు అమ్మాలా? ఎందుకు? మోకాలి నొప్పా? ఏ మోకాలు? ఎప్పట్నుంచి? ఇలా గుచ్చి గుచ్చి అడిగి, వచ్చినవాళ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ కక్కించాక గానీ పెన్ను మూత తీయడు. ఆయన అడిగే తీరు చూసి నేర్చుకోడానికి పోలీసులు మారువేషాల్లో వచ్చి కూర్చునేవారని కూడా ఓ మాట ఉంది.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. అంతా అడిగాక ఆయన రాసిన నాలుగు లైన్లు అచ్చయ్యాయంటే, ఆ వస్తువు మధ్యాహ్నానికల్లా ఇల్లు మారాల్సిందే. పాత గ్యాసు స్టవ్వు ఒకదాని కోసం ఇద్దరు వియ్యంకులు కౌంటరు ముందే చొక్కాలు పట్టుకున్నారు.

అలాంటి రోజుల్లో సముద్రాలవతలి కంపెనీ ఒకటి వచ్చి ఆ పేపర్ని కొనేసింది. దానికదో పిచ్చి. ఏ దేశమెళ్లినా అక్కడి చిన్న ఊళ్ల పేపర్లు, వాటి అడుగున ఉండే చిన్న ప్రకటనలు కనబడితే చాలు, నోరూరిపోతుంది. "పదకొండు దేశాల్లో నలభై పేపర్లు మింగిందట బాబాయ్, ఇంకా త్రేన్చను కూడా లేదట!" అని టైపు అమ్మాయి చెప్పింది. పక్క సీట్లో కూర్చుని బాబాయి రాసినవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేది ఆ అమ్మాయే.

కంపెనీ తరఫున ఓ మేనేజరు దిగాడు. స్నానానికి కూడా టై విప్పడని పుకారు. అందుకే టై మేనేజరన్నారు. వచ్చిన వారానికే కౌంటర్ల లెక్కలున్న ఓ పెద్ద కాగితం తెచ్చి కౌంటరు గోడకి అంటించాడు.

"అన్ని కౌంటర్లలోకీ మీదే ఆఖరు సార్. మిగతా చోట్ల ఒక్కో ప్రకటన తొమ్మిదేసి సార్లు పడుతోంది. మీ దగ్గర ఒక్కసారే. మీ కస్టమర్లు మళ్లీ రావట్లేదు."

"అమ్ముడైపోయాక ఇంకెందుకొస్తారండీ?"

"అదే కదా సమస్య."

"ఏది, అమ్ముడవడమా?"

"మళ్లీ రాకపోవడం సార్. హెడ్డాఫీసు చూసేది అదొక్కటే. నెల టైమిచ్చారు. మారకపోతే కౌంటరు ఎత్తేస్తారు. జనం ఫోన్లో ఎవరి ప్రకటన వాళ్లే వేసుకుంటారు."

ఆ మాట ఇంట్లో చెబితే భార్య చేతిలో గరిటె జారిపోయింది.

"అయితే రోజంతా ఇంట్లోనే ఉంటారా? అమ్మో! ఆదివారం ఒక్కపూటకే నా ప్రాణం తోడేస్తున్నారు. ఈ గిన్నె ఇక్కడెందుకు, ఆ కిటికీ తెరిచావెందుకు, నవ్వుతున్నావెందుకు... ఏం చేస్తారో నాకు తెలీదు, ఆ కుర్చీ మాత్రం వదిలారంటే ఊరుకోను!"

బాబాయి భయమూ అదే. ఊరంతా వచ్చి ఎదురుగా కూర్చునే ఆ చోటు పోతే, అడగాల్సినవన్నీ గొంతులోనే పేరుకుపోయి తనకి ఊపిరాడదు.

అందుకని ప్రకటనలు చెడగొట్టి రాద్దామనుకున్నాడు. ఓ సోఫాకి ఇలా రాశాడు: 'కూర్చుంటే కిర్రుమంటుంది. ఎడమ చేతిని పిల్లి గీరేసింది. మేనత్త ఇచ్చింది కాబట్టి ఇన్నాళ్లూ భరించాం.' పీడా పోయింది, ఎవరూ రారనుకున్నాడు. పొద్దున్నే పదిహేడుమంది దిగారు. "ఇంత నిజం చెప్పేవాళ్ల సోఫా మంచిదే అయ్యుంటుంది" అన్నారు.

నెల తిరిగింది. కౌంటరు మూసేయమని ఉత్తరం వచ్చింది. కానీ కంపెనీకో నియమం ఉంది. మూసే చోట ఉన్న సామాను సొంత పేపర్లో ప్రకటన వేసే అమ్మాలి, అది అమ్ముడయ్యాకే తాళం వెయ్యాలి. కుర్చీలు బాబాయి ఇంటినుంచి తెచ్చుకున్నవే, కంప్యూటరు పక్క సెక్షనుది. ఇక సామానంటే ఆ ఒక్క బల్లే.

"మీరే రాసేయండి సార్. మీరు రాస్తే మధ్యాహ్నానికి పోతుంది కదా" అన్నాడు టై మేనేజరు, నేల చూపులు చూస్తూ.

బాబాయి రాశాడు: 'టేకు బల్ల. ఒక కాలు పొట్టి, ఊగుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లో వస్తువులన్నీ దీని మీదుగానే చేతులు మారాయి. ఇవాళ దీని వంతు.' టైపు అమ్మాయి ముక్కు చీదుకుంటూ ఎక్కించింది.

మర్నాడు వరస ఎంత పొడుగంటే, చివర్లో ఉన్నవాళ్లు పక్క ఊరి బస్టాండులో నిలబడ్డారు. అందరికన్నా ముందు ఓ టీచరమ్మ ఉంది.

"కూర్చోండమ్మా. బల్ల ఎందుకు?"

"మా కోడలు కుట్టుమిషను పెట్టుకోడానికండీ."

"కుట్టు నేర్చుకుంటానని ఆ అమ్మాయందా, మీరనుకున్నారా?"

"నేనే... అనుకున్నాను."

"మరి ఆ పిల్లకేం ఇష్టం?"

టీచరమ్మ సంచీ సర్దుకుంది. "ఉండండి, అడిగొస్తాను" అంటూ లేచి వెళ్లిపోయింది.

తర్వాత ఓ బస్సు డ్రైవరు. టీవీ పెట్టుకోడానికట.

"ఇంట్లో బల్ల లేదా?"

"ఉంది బాబాయ్. దానిమీద బట్టలున్నాయి."

"బీరువా?"

"అదీ ఉంది."

"అందులో ఏమున్నాయి?"

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. "ఏం లేవు" అని, నిద్రలోంచి లేచినవాడిలా నడిచి వెళ్లాడు.

సాయంత్రానికి వరస కరిగిపోయింది. బల్ల మాత్రం కదల్లేదు.

"కావాలనే చేశారా బాబాయ్?" అంది టైపు అమ్మాయి.

"ఛ! అలవాటమ్మా."

"అయితే రేపు ఈ ప్రకటన మళ్లీ వెయ్యాలి కదా?"

ఇద్దరూ ఒక్కసారే గోడమీద కాగితం వైపు చూశారు. బాబాయి మీసాల్లోనే నవ్వుకున్నాడు.

ప్రకటన రెండోసారి పడింది. అయిదోసారి పడింది. తొమ్మిది దాటింది. టై మేనేజరు ఓపిక పట్టలేక, "ఏమడిగినా మాట్లాడకు, కొనేసి రా" అని సొంత బామ్మర్దిని పంపాడు. గంటన్నర తర్వాత ఆ బామ్మర్ది కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. బల్ల కొనలేదు సరికదా, ఇంట్లో ఉన్న డైనింగు టేబులు అమ్ముతానని ప్రకటన రాయించుకున్నాడు.

ముప్ఫై నాలుగోసారి పడ్డ రోజున సముద్రాలవతల్నుంచి బంగారు అంచున్న ప్రశంసాపత్రం అట్ట ఒకటి వచ్చింది. ఒకే ప్రకటన అన్నిసార్లు వేసిన కౌంటరు నలభై పేపర్లలోనూ లేదట. టై మేనేజరు దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"కౌంటరు ముయ్యొద్దంటున్నారు సార్. బల్ల ప్రకటన మాత్రం ఆపొద్దన్నారు."

బాబాయి ఆ అట్టని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి, పొట్టి కాలి కింద దోపాడు. బల్ల కుదురుగా నిలబడింది. నిజం రాసే మనిషి కదా, వెంటనే ప్రకటనలో 'ఇప్పుడు ఊగదు' అని కలిపాడు.

మర్నాడు పొద్దున్నే ఒకాయన ఏకంగా లారీ వేసుకుని దిగాడు.

"కూర్చోండి" అన్నాడు బాబాయి, కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "బల్ల ఎందుకు?"