మావయ్య వేసే కుక్కరు రబ్బరు

నిన్న పొద్దున మా కుక్కరు విజిల్ వెయ్యలేదు. పావుగంట చూశాను. మూత పక్కనుంచి ఆవిరి బుసబుసా పోతోంది, పప్పునీళ్ళు స్టవ్ మీద కారుతున్నాయి. రబ్బరు వదులైందని తెలుస్తూనే ఉంది. గవర్నర్‌పేటలో మా వీధి చివరే స్టీలు సామాన్ల కొట్టుంది, అడిగితే ఇచ్చేవాడేమో. కానీ పెళ్ళైన ఈ ముప్పై ఏళ్ళలో నేను కుక్కరు రబ్బరు కొని ఎరగను. ఏటా డిసెంబరు మొదటివారంలో మా మావయ్య వచ్చి వేసి వెళ్ళేవాడు. మొన్న జూలైలో ఆయన పోయాడు. స్టవ్ ఆపేసి అక్కడే నిలబడ్డాను. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు, ప్రెషర్ కుక్కర్ల సేల్స్‌మన్. కుక్కరంటే పేలుతుందని ఆడవాళ్ళు హడలిపోయే రోజుల్లో స్కూటరు వెనక రెండు కుక్కర్లు, ఒక కిరసనాయిలు స్టవ్ కట్టుకుని కృష్ణ ఒడ్డున లంక గ్రామాలన్నీ తిరిగాడు. ఎవరో ఒకరి అరుగు మీద స్టవ్ పెట్టి, ఆ ఇంటి కందిపప్పే అడిగేవాడు. "మీ పప్పే, మీ నీళ్ళేనమ్మా. నాది గిన్నె ఒక్కటే. ఉడక్కపోతే నన్ను తిట్టండి," అనేవాడు. కూచిపూడి దగ్గర ఒక ఊళ్ళో మొదటి విజిల్‌కే జనమంతా వీధిలోకి పరిగెత్తారట, ఒక ముసలమ్మ తప్ప. ఆవిడ ధైర్యం మెచ్చుకుని ఆ ఊళ్ళో మొదటి కుక్కరు ఆవిడకే అమ్మాడు. ఆవిడకు బ్రహ్మచెవుడని తర్వాత తెలిసింది. విజిల్ వచ్చినప్పుడల్లా పక్కింటి కోడలు పరిగెత్తుకొచ్చి దించేదట. ఇంకోసారి వరదకు కాలువ పొంగితే, మూతలు బిగించిన కుక్కర్లు రెండు చంకల్లో పెట్టుకుని అవతలికి ఈదానని చెప్పేవాడు. "నీకు ఈతే రాదు కదరా," అనేది మా అమ్మ. "రాదు గనకే రెండు పట్టుకున్నానక్కా!"

అమ్మేసి చేతులు దులుపుకునే రకం కాదు. ఏడాదికోసారి అమ్మిన ప్రతి ఇంటికీ వెళ్ళి రబ్బరు తనే మార్చేవాడు. అలా చెయ్యమని కంపెనీ చెప్పలేదు, రిటైరయ్యాక కూడా ఆయన మానలేదు. ఆ వంకన ఊరికో చెల్లెలు, ఊరికో పిన్ని ఏర్పడ్డారు. అందుకే ఆయన పోయాక జరిగిన జ్ఞాపకార్థ కూడికకు షామియానా చాల్లేదు. ఆ ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నాలుగు ముక్కలు చెప్పి ఏడ్చారు. చివర్లో పాస్టరుగారు నన్ను పిలిచారు. నాన్న లేని నన్ను చదివించి పెళ్ళి చేసింది మావయ్యే, నేనే ఎక్కువ చెప్పాలి. లేచాను. ఎదురుగా టేబుల్ ఫ్యాను తిరుగుతోంది, దానికో రెక్క వంకర. అది చూస్తూ కాసేపు నిలబడి, ఒక్క మాటైనా అనకుండా కూర్చున్నాను. వచ్చేసేటప్పుడు గుమ్మం దగ్గర అత్తయ్య అంది: "ఊళ్ళోవాళ్ళకున్న బాధ కూడా నీకు లేకపోయిందా అమ్మాయ్?"

ఆ తర్వాత వాళ్ళింటికి వెళ్ళలేదు. ఇలాగే ఉంటే మావయ్యతోపాటు అత్తయ్యా దూరమైపోతుందని తెలుసు. తెలిసీ కదల్లేకపోయాను. తిమ్మిరెక్కిన చెయ్యిని గిల్లినా తెలియదు చూడండి, లోపలంతా అలా ఉంది.

నిన్న మాత్రం కుక్కరు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఎందుకెక్కానో ఇప్పటికీ చెప్పలేను. అత్తయ్య తలుపు తీసి, సంచీ చూసి, "ఇప్పుడెవరు వేస్తారే?" అంది. లోపలికెళ్ళి ఆయన సేల్స్ బ్యాగు తెచ్చింది. జిప్పు తీయగానే పౌడరు వాసన. రబ్బర్లు గట్టిపడకుండా పౌడరు అద్ది, న్యూస్‌పేపర్లో చుట్టి, పైన ఎవరివో రాసి పెట్టుకున్నాడు. 'మొవ్వ టీచరమ్మ.' 'కూచిపూడి, బావి పక్కిల్లు.' అడుగున నాలుగు పొట్లాల మీద 'అమ్మాయి' అని ఉంది.

"నీ కుక్కరుది పాతకాలపు సైజు, ఇక రాదన్నారట. ఉన్నవన్నీ ఏరుకొచ్చారు," అంది అత్తయ్య.

వెయ్యడం ఇద్దరికీ రాదు. మొదటిసారి మెలిపడింది, నీళ్ళు కారాయి. "ముందు చన్నీళ్ళలో వేసేవారు," అంది అత్తయ్య. అవును, అది నానేలోపే కదా మావయ్య కాలువ ఈదిన కథ చెప్పేది! చన్నీళ్ళలో వేసి, ఏ కథా లేకుండా, ఇద్దరం గిన్నెకేసి చూస్తూ కూర్చున్నాం. ఈసారి సరిగ్గా కూర్చుంది. విజిల్ వచ్చింది. అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను విజిల్స్ లెక్కపెట్టాను.

మూడోదానికి స్టవ్ ఆపి, అత్తయ్య కళ్ళు తుడుచుకుని నా మొహంలోకి చూసింది. "రాకపోతే పోనీలే, ఏడుపేమన్నా తెచ్చిపెట్టుకుంటామా," అంది. మిగతా మూడు పొట్లాలూ మళ్ళీ బ్యాగులో సర్దింది. "ఇవి నా దగ్గరే ఉంటాయి. ఏటా వచ్చి వేయించుకెళ్ళు."

అంటే ఇంకా మూడు డిసెంబర్లకు సరిపడా మావయ్య ఉన్నాడు. ఆయన పోయాడని నాకు తెలిసొచ్చేది ఆ తర్వాతి డిసెంబరుకేనేమో.