యానాంలో ఊదా సిరా

ఫ్రెంచి దొరలు వెళ్ళిపోయిన మరుసటి వేసవిలో, మా అత్తగారి ఇంటి దస్తావేజు నకలు కోసం యానాం వెళ్ళాను. కచేరీలో నకలు సిద్ధంగానే ఉంది. అందినట్టు సంతకం చేస్తే ఇస్తారు. రేవులో చివరి పడవ కదలబోతోంది. నేను ఫౌంటెన్ పెన్ను మూత తిప్పగానే ముసలి గుమాస్తా కాగితంపై అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"నీలం సిరా చెల్లదండి. ఊదాయే ఉండాలి. దొరలు పెట్టిన రూలండి."

"దొరలు వెళ్ళిపోయారు కదండీ?"

"ఆయ్, వెళ్ళారండి. సిరా మార్చమని మాత్రం ఎవరూ చెప్పలేదండి."

పదేళ్ళుగా నీలం తప్ప మరో సిరా ఎరుగని నా పాళీకి ఊదా తగలనివ్వడం నావల్ల కాలేదు. అందుచేత ఆయన జేబులోని పెన్ను అడిగాను.

"బాగుందండోయ్. నా పాళీ నా చేతిరాతకి తగ్గట్టు అరిగిందండి. మీ పెన్ను మీరు ఇంకొకరికి ఇస్తారేటండి?"

ఇవ్వనని ఒప్పుకోక తప్పలేదు. రేవులోంచి పడవవాడి కేక వినిపించింది. గుమాస్తా నిట్టూర్చి, ఊదా సిరాబుడ్డి మూత తీసి నా వైపు జరిపాడు. నేను ఎడమ బొటనవేలు ముంచి కాగితంపై అద్దాను.

దాని కింద ఆయన తన పెన్నుతో, లావు గీతా సన్న గీతా ఎక్కడా తప్పకుండా, "సంతకం చేయుట రానివారి వేలిముద్ర" అని రాశాడు. ఆ అక్షరాలు చూశాక నాకు కోపం రాలేదు. అటువంటి పాళీని నేనైనా ఎవరి చేతికీ ఇవ్వను.