గాల్లో ఆగిపోయిన పొట్టోడు

ఒక ఆదివారం నరసన్నపేటలో మా వీధివాళ్ళందరికీ అమ్మవారి దర్శనం కాకుండా చేసిన ఘనురాలిని నేను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. చేతిలో ఆయుధం ఓ వీడియో గేము. ఇన్నాళ్ళూ ఈ సంగతి మా పిల్లలకు తెలియకుండా దాచాను. మొన్న వాళ్ళిద్దరూ "అమ్మకి టీవీ రిమోట్ పట్టుకోవడం కూడా రాదు" అని నవ్వుకుంటుంటే చెవిన పడింది. ఇక దాచి లాభం లేదు. ఒకప్పుడు ఈ చేతులు ఎంత విధ్వంసం చేశాయో వాళ్ళూ తెలుసుకోవాలి, మీరూ తెలుసుకోవాలి.

తొంభైల మధ్యలో, వేసవి సెలవులప్పుడు, విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా చిన్నమావయ్య ఆ గేము తెచ్చాడు. బూడిద రంగు పెట్టె, తోకల్లాంటి తీగలతో రెండు రిమోట్లు, పసుపుపచ్చని కాసెట్టు. కాసెట్టు మీద తొమ్మిది అంకె ఆరుసార్లు వరసగా అచ్చేసి ఉంది. అన్ని ఆటలున్నాయట! రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాను. తీరా చూస్తే ఉన్నవి నాలుగే. అవే పేర్లు మార్చుకుని, పెళ్ళిలో రెండో పంక్తికి కూర్చున్న చుట్టాల్లా, మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అయినా నా భక్తి తగ్గలేదు.

కారు పందెం, ట్యాంకుల యుద్ధం, బాతుల వేట బాగానే ఉండేవి. నాలుగోది మాత్రం నా ప్రాణం. అందులో ఓ పొట్టోడు పాముల్ని తప్పించుకుంటూ, రాళ్ళమీంచి దూకుతూ పరిగెత్తేవాడు. మీట నొక్కితే గాల్లోకి లేచేవాడు. నేనిక్కడ బొటనవేలు కదిపితే అక్కడ టీవీలో మనిషి కదలడమా! అప్పటిదాకా టీవీ అంటే అది చెప్పింది మనం నోరు మూసుకుని వినడమే. అది నా మాట వింటుందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

అంతా బాగుంది కానీ ఒక చిక్కు. గేము ఆడాలంటే టీవీ వెనక కేబుల్ వైరు పీకి గేము వైరు పెట్టాలి. పీకి పెట్టి, పీకి పెట్టి ఆ కన్నం కాస్తా వదులైపోయింది. వార్తలు చూడబోయిన నాన్నకు వార్తల బదులు తెర నిండా ముసిరిన ఈగల్లాంటి చుక్కలు కనిపించాయి. "ఇంకొకసారి ఆ వైరు పీకినావంటే నీ సెయ్యి పీకీస్తాను" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకా మహత్తరమైన ఆలోచన. పీకకూడదన్నాడు కానీ కలపకూడదని అనలేదు కదా! కేబుల్ వైరూ, గేము వైరూ, టీవీలోకి వెళ్ళే వైరూ, మూడింటినీ పళ్ళతో కొరికి, రాగి తీగలు బయటికి లాగి, జడలా అల్లి, దెబ్బలకు వేసే తెల్ల ప్లాస్టరు చుట్టేశాను. గేము వేస్తే గేము, ఆపితే కేబులు. పదకొండేళ్ళకే ఇంత బుర్ర ఎలా వచ్చిందా అని అద్దంలో నన్ను నేను కాసేపు చూసుకున్నాను. స్తంభం మీంచి వచ్చే తీగ ఒకటేనని, దాన్నే చీల్చి మా నాలుగిళ్ళకూ పంచారని, అటునుంచి ఇటు రాగలిగిన బొమ్మ ఇటునుంచి అటు కూడా పోగలదని నాకెవరు చెప్పారు కనక?

ఆ ఆదివారం పొద్దున అమ్మతో సహా ఆడవాళ్ళంతా పక్కింటి అప్పలనర్సమ్మ మామ్మ ఇంట్లో చేరారు. మామ్మ ఒక్కతే పొలం చేయించుకునేది. గట్టుమీద నిలబడి కూలీల్ని కేకేస్తే పక్కూరి కుక్కలు లేచేవి. వీధిలో రంగుల టీవీలన్నిట్లోకీ పెద్దది ఆమెదే. వారం వారం అమ్మవారి సీరియల్ అక్కడే చూసేవారు.

నాన్న బజారుకెళ్ళాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. గేము వేశాను. మూడో స్టేజీలో ఓ పెద్ద గొయ్యి ఉంది. సెలవులు సగమైపోయినా దాన్ని దాటలేకపోయాను. ఆ రోజూ పడ్డాను. సరిగ్గా అదే క్షణంలో గోడ అవతలినుంచి "అయ్యయ్యో!" అని పదిమంది గొంతులు వినిపించాయి.

సీరియల్లో ఎవరికో కష్టమొచ్చిందనుకున్నాను. మళ్ళీ ఆడాను, మళ్ళీ పడ్డాను. మళ్ళీ "అయ్యయ్యో!" మూడోసారీ అంతే. నా బొటనవేలికి టీవీ ఒక్కటే కాదు, మనుషులూ కదులుతున్నారా? నాలుగోసారి దూకుతుండగా వీధిలో గొడవ మొదలైంది. పొట్టోడు గాల్లో ఉండగానే ఆట ఆపే మీట నొక్కి, చూసొద్దామని మామ్మ ఇంటికి పరిగెత్తాను.

గుమ్మంలోనే నిలబడిపోయాను. మామ్మ గారి రంగుల టీవీలో నా పొట్టోడు, నేను వదిలొచ్చినట్టే, గొయ్యి మీద గాల్లో ఆగిపోయి ఉన్నాడు.

"అమ్మోరు వరం ఇవ్వబోతంటే ఈడు ఒచ్చీసినాడేటే!" అంటోంది అమ్మ.

"మూడుసార్లు గోతిలో పడి సచ్చినాడు, మూడుసార్లూ లేసొచ్చినాడు" అంది ఎదురింటి పిన్ని, కళ్ళు పెద్దవి చేసి. "ఇప్పుడు సూడు, గాల్లో నిలబడిపోనాడు. మడిసైతే గాల్లో నిలబడతాడేటి?"

"కర్పూరం ఉందేటి మామ్మా?" అని అడిగింది వెనకనుంచి ఎవరో.

మామ్మ మాత్రం వీధిలో ఉంది. స్తంభం దగ్గర కేబుల్ సూరిబాబు నిచ్చెన వేసుకుని నిలబడ్డాడు.

"ఏటి సూరిబాబూ, అమ్మోరి టయానికే దొరికిందేటి నీకీ బాగోతం?"

"నానేటీ సెయ్యలేదు మామ్మా, ఒట్టు!"

"నువ్వు సెయ్యకపోతే ఆడెలాగొచ్చినాడు? నీ కేబులొద్దు, నువ్వొద్దు. నాలుగిళ్ళకీ పీకీ!"

సూరిబాబు ముఖం మాడిపోయింది. తప్పెక్కడుందో వెతుకుదామని గబగబా నిచ్చెనెక్కాడు. నేను గుట్టుగా ఇంటికెళ్ళి గేము ఆపేస్తే చాలు. ఎవరికీ తెలియదు. రెండడుగులు వేశాను కూడా. అంతలో పై మెట్టు మీద అతని కాలు జారింది. నిచ్చెన ఊగింది. ఎలాగో స్తంభాన్ని కరుచుకున్నాడు.

"దిగిపో సూరిబాబూ! ఆ పొట్టోడు నా వోడే!" అని అరిచాను.

అమ్మ చూపు ఎలా ఉందో చెప్పను, మీరే ఊహించుకోండి. మామ్మ నా దగ్గరికొచ్చి వంగి చూసింది.

"నువ్వా ఆడినది?"

"ఊఁ."

"మూడుసార్లూ అదే గోతిలో పడీసినావు?"

"ఊఁ."

"సిగ్గునేదేటే గుంటా! పద, నా ముందర ఆడు."

చూస్తుండగానే మా ముందుగది నిండిపోయింది. సూరిబాబు గోడకి చేరబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఎండుచేపలు అమ్మడానికి కళింగపట్నంనుంచి వచ్చిన కోటమ్మ కూడా గంప దించి కూర్చుంది. నేను ఆట మొదలుపెట్టాను.

"పాము, పాము!" "ఎగురే!" "ఇప్పుడు కాదు, ఆగు!"

పడ్డాను. "అయ్యయ్యో!" మళ్ళీ పడ్డాను. అందరి కళ్ళూ టీవీ మీదే. మామ్మ ఒక్కతే టీవీ వదిలేసి నా ముఖంకేసి చూస్తోంది.

"ఒసే, గొయ్యి రాగానే కళ్ళు మూసీస్తన్నావే!" అంది.

నిజమే. పొట్టోడికి దెబ్బ తగులుతుందని భయంతో దూకిన ప్రతిసారీ కళ్ళు గట్టిగా మూసుకుంటున్నాను. సెలవులు మొదలైనప్పటినుంచీ నేను గుడ్డిగా ఆడుతున్నానన్నమాట!

ఈసారి కళ్ళు చించుకుని చూస్తూ దూకాను. పొట్టోడు లేచాడు. గొయ్యి కిందనుంచి వెళ్ళిపోయింది. అవతలి గట్టు మీద దిగాడు. సూరిబాబు ఈల వేశాడు. సీరియల్ ఎప్పుడో అయిపోయింది, వరం సంగతి ఒక్కరూ అడగలేదు.

ఇంకాస్త ముందుకెళ్ళగానే తెర మీద రంగులన్నీ మారిపోయాయి. కుంకుమరంగు ఆకాశం. దాని కింద చివర కనపడని సముద్రం. చిన్న చిన్న తెల్లటి అలలు నిజంగానే కదులుతున్నాయి. మామ్మ చెయ్యి నా భుజం మీద పడింది, తీయడం మరిచిపోయింది. ఇంత చిన్న కాసెట్టులో సముద్రం పట్టించినవాడు ఎవడో, ఎక్కడున్నాడో అనుకుంటూ నోరు తెరిచి అలాగే చూస్తుండిపోయాను.

నోరు తెరిచానే గానీ, ముందుకు నడిపించే మీట మీంచి వేలు తీయలేదు. పొట్టోడు తిన్నగా నడుచుకుంటూ సముద్రంలోకి వెళ్ళి మునిగిపోయాడు.

కోటమ్మ గంప ఎత్తుకుంటూ అంది: "ఇంత సముద్రం కాడికి తీసుకొచ్చినావు, ఆడికి ఈతైనా నేర్పలేదేటే పాపా?"

కనుక అయ్యలారా, అమ్మలారా, ఇన్నేళ్ళ తర్వాత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో టీవీ వెనక చెయ్యి పెట్టను. వైర్లను పళ్ళతో కొరకను. దూకాల్సి వస్తే కళ్ళు తెరుచుకునే దూకుతాను. సముద్రం కనబడితే మాత్రం, ముందు మీట మీంచి వేలు తీసి, ఆ తర్వాతే నోరు తెరుస్తాను.